గల్లీ మసీదు దీపానికి నూనె ఎవరు పోశారు?



కరీంనగర్‌లో సిరిసిల్ల బస్సెక్కితే ఓ పది కిలోమీటర్లు దాటేసరికి మానేరు ఒడ్డున గుట్ట మీద ఎలగందుల కోట కనిపిస్తుంది. కోటకు తూర్పు దిక్కున జంట మీనార్లున్న పాత మసీదు ఒకటుంది. జనం దాన్ని దో మినార్ అంటారు. ఆ మీనారు ఎక్కి పట్టుకుని ఊపితే ఊగుతుందని పేరు. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గర, మన దేశంలో అహ్మదాబాద్‌లో కూడా ఇట్లా ఊగే మీనార్లున్నాయి. కట్టినవాళ్ళు పనితనం చూపించుకోవడానికి చేసిన చమత్కారం అది. నమాజుకు దానితో పనేమీ లేదు.

ఆ మీనార్లు కట్టించింది ఎలగందుల ఖిలేదారు జఫరుద్దౌలా. ఇబ్రహీం ఖాన్ ధంసా అంటే ఈ ప్రాంతంలో ఇంకా బాగా గుర్తుపడతారు. మీనార్ల సంవత్సరం 1754 అంటారు. జగిత్యాలలో నక్షత్రాకారపు కోట కట్టించిందీ ఆయనే, 1747లో. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు ఆ కోట గీశారనీ, ఊరికి వాళ్ళ పేరే వచ్చిందనీ చెప్పుకుంటారు. కోట నక్షా చూస్తే యూరప్ పద్ధతి అని ఎవరైనా ఒప్పుకుంటారు. పేరు సంగతి మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. కాకతీయుల కాలంలో పక్కనున్న పొలాసను ఏలినవాళ్ళలో జగ్గదేవుడు అనే రాజు ఉండగా, పేరు కోసం ఫ్రాన్సు దాకా పోవడమెందుకు? పైగా ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదులో అడుగుపెట్టింది 1751లో. అంతకు నాలుగేళ్ళ ముందే జగిత్యాలకు ఫ్రెంచి చేతులెట్లా వచ్చాయన్నది విడిగా తేల్చుకోవలసిన సంగతి.

ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ధంసా గురించి కాదు. జగిత్యాల ఖిల్లా చుట్టుపక్కల, కోరుట్ల బజారు సందుల్లో, సిరిసిల్ల పాత వాడల్లో ఎవరి పేరూ చెక్కని చిన్న చిన్న మసీదులున్నాయి. రెండు మూడు కమానులు, నలభై యాభై మంది నిలబడే చోటు, ముందు ఓ నీళ్ళ హౌజు, బయట గోడకు నాలుగు మల్గీలు, అంటే అద్దె దుకాణాలు. వీటి గురించి గెజెటీర్లో ఒక వాక్యం కూడా ఉండదు. ఎవరు కట్టారని అడిగితే ‘మా తాతల కాలం నుంచీ ఉంది’ అంటారు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ముందుకు పోలేం. అందుకే నేను వేరే ప్రశ్న అడుగుతున్నాను. ఇక్కడ దీపానికి నూనె ఎవరు పోశారు?

మసీదు కట్టడం ఒక్కసారి పెట్టే ఖర్చు. దీపం రోజూ వెలగాలి. చాప చినిగితే కొత్తది పరవాలి. హౌజులో నీళ్ళు మారాలి. ఇమాము ఇంట్లో పొయ్యి రాజాలి. అజాన్ చెప్పే మౌజన్‌కు నెలకింత ఇవ్వాలి. ఈ ఖర్చు ఎవరు మోస్తూ వచ్చారో పట్టుకుంటే చరిత్ర దానంతటదే బయటికొస్తుంది.

పెద్దవాళ్ళ మసీదుల్లో ఈ లెక్క కథలుగా మిగిలింది. హైదరాబాద్ కార్వాన్‌లో టోలీ మసీదు ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మహల్దారుగా ఉన్న మూసా ఖాన్ 1671లో కట్టించాడు. మక్కా మసీదు పని మీద అజమాయిషీ ఆయనదే. అక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికీ దమ్డీ అనే చిల్లర నాణెం ఒక్కొక్కటి తన వాటాగా తీసుకుని, అట్లా కూడిన సొమ్ముతో ఈ మసీదు లేపాడని చెప్పుకుంటారు. అందుకే దానికి దమ్డీ మసీదని మరో పేరు. తమాషా ఏమిటంటే చిల్లరతో కట్టింది ముందే పూర్తయింది. రూపాయలతో కట్టింది ఔరంగజేబు చేతికొచ్చి, 1694 దాకా సాగింది.

ఎలగందుల కథ దీనికి తలకిందులు. అప్పటి జిల్లాకు అదే ముఖ్యపట్టణం. కచేరీ, ఖజానా, తహసీలు, సిపాయిలు, గుమాస్తాలు, వాళ్ళకు సరుకులమ్మే బజారు, అన్నీ అక్కడే. 1905లో జిల్లా కేంద్రాన్ని కరీంనగర్‌కు మార్చారు. కచేరీ పోయింది, కచేరీ వెనక గుమాస్తాలు పోయారు, గుమాస్తాల వెనక బజారు పోయింది. మీనార్లు మాత్రం ఎక్కడివక్కడే నిలబడ్డాయి. ఊపి చూడడానికి వచ్చేవాళ్ళున్నారు గానీ, ఐదు పూటలా నమాజు వరసలు, వాళ్ళ మాటల్లో సఫ్‌లు నింపే మొహల్లా చెదిరిపోయింది. జిల్లాలో అంత ఎత్తు మీనార్లున్న మసీదు కన్నా, జగిత్యాల టవర్ దగ్గరి సందులో మీనారే లేని మసీదులో జనం ఎక్కువ.

అందుకే మొహల్లా మసీదును చూసేటప్పుడు గోడలకన్నా ముందు మనుషుల్ని చూడాలంటాను. శుక్రవారం పెద్ద నమాజుకు జామా మసీదు ఉంటుంది. మిగతా రోజుల్లో పాన్‌డబ్బా మూసి, మిషను ఆపి, సైకిల్ పంక్చరు సగంలో వదిలి గబగబా వచ్చి నిలబడడానికి గల్లీ మసీదు కావాలి. జనాజా మంచం అక్కడే ఓ మూల ఉంటుంది. పెళ్ళి వంటలకు పెద్ద పెద్ద దేగ్‌లు కొన్నిచోట్ల మసీదు నుంచే ఎరువిస్తారు. పొద్దున పిల్లలు తలకు టోపీలు పెట్టుకుని అరబీ అక్షరాలు దిద్దుతారు. రంజాన్ వచ్చిందంటే ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్ సాబు నెలంతా దాన్ని చదివి పూర్తిచేస్తాడు. ఈమధ్య ఈ హాఫిజ్‌లలో బీహారు నుంచో, ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్ళున్నారు. పాఠం ఉర్దూలో చెప్పినా, తెలుగు మాత్రం ఎదురు కిరాణా కొట్లో నేర్చుకుంటారు.

మగ్రిబ్, అంటే పొద్దుగూకే వేళ నమాజు అయ్యేసరికి ఇంకొకటి జరుగుతుంది. తలుపు దగ్గర చంకలో పసిపిల్లలతో తల్లులు నిలబడి ఉంటారు. వాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువగా కనిపించినా ఆశ్చర్యం లేదు. పిల్లాడు పాలు తాగడం లేదు, రాత్రుళ్ళు ఉలిక్కిపడుతున్నాడు. నమాజు చేసి బయటికొచ్చే ప్రతివాడూ ఆ బిడ్డ ముఖం మీద మెల్లగా ఊదిపోతాడు. దీనికి రుసుము లేదు, రసీదు లేదు. మతం గురించి ఎన్ని వాదాలు విన్నా, ఆ వరస ఆగిన ఊరు ఇక్కడ నేను చూడలేదు. సిరిసిల్ల పక్కనే వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలో దర్గా ఉండడం, కోడె మొక్కు తీర్చుకున్నవాళ్ళు అక్కడా చేతులు జోడించడం మీలో చాలామందికి తెలుసు. మొహర్రంలో పీర్లనెత్తేవాళ్ళలో ముస్లిములు కానివాళ్ళెందరో కూడా మీకు తెలుసు. దీన్ని పెద్ద విశేషంగా చెప్తే ఈ ప్రాంతం వాళ్ళకు నవ్వొస్తుంది. ఇదంతా వాళ్ళకు రోజూ ఉండేదే.

ఇక కాలం సంగతి. పాత మసీదు తలుపు మీదో, లోపలి మెహ్రాబు గూడు పక్కనో కొన్నిచోట్ల చిన్న రాయి ఉంటుంది. దాని మీద నాలుగు పాదాల ఫార్సీ పద్యం. చదవగలిగితే అందులో అంకె కనిపించదు, దాగి ఉంటుంది. అరబీ అక్షరాలకు ఒక్కోదానికీ ఒక విలువ ఉంది. అలిఫ్‌కు ఒకటి, బేకు రెండు, అట్లా పెరుగుతూ గైన్‌కు వెయ్యి. మనం లారీల మీద, ఆటోల మీద చూసే 786 కూడా ఈ లెక్కే. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలు కూడితే అంత వస్తుంది. పద్యం చివరి పాదంలో అక్షరాలన్నీ కూడితే మసీదు కట్టిన హిజ్రీ సంవత్సరం తేలుతుంది. కవి తెలివి అంతా అక్కడే. అర్థం చెడకూడదు, ఛందస్సు తప్పకూడదు, మొత్తం సరిపోవాలి. మన గుళ్ళ శాసనాల్లో శకవర్షాన్ని నేత్రాలు, వేదాలు, బాణాలు అంటూ దాచిపెట్టిన పండితులు ఈ పని చూస్తే మెచ్చుకునేవాళ్ళు.

అంకెలు తేటగా ఉన్నచోట కూడా జాగ్రత్త కావాలి. నిజాం కాలంలో రెండు లెక్కలు నడిచాయి. మతానికి హిజ్రీ, సర్కారుకు ఫస్లీ. హిజ్రీ చంద్రుడి లెక్క, ఏడాదికి 354 రోజులు, అందుకే మన లెక్కతో పోలిస్తే 33 ఏళ్ళకోసారి ఒక ఏడు ముందుకు దూకుతుంది. ఫస్లీ పంటల లెక్క, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాయితం మీద 1320 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే 1902. ఫస్లీ అయితే 1910. ఎనిమిదేళ్ళ తేడా! మసీదు ముందు కట్టారా, పక్కనున్న మల్గీలు ముందు కట్టారా అన్న తగాదా వస్తే ఈ ఎనిమిదేళ్ళే తీర్పు చెప్తాయి.

రాయి లేనిచోట, నమాజుకు కాబా వైపు నిలిపిన గోడ ఉంటుంది. మన దగ్గర నుంచి కాబా దిక్కు సరిగ్గా పడమర కాదు. జగిత్యాల దగ్గర లెక్క వేస్తే పడమరకు దాదాపు 11 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. పూర్వం దిక్కు కట్టినవాళ్ళు సూర్యుణ్ణి చూసి, పక్క ఊరి మసీదును చూసి కట్టారు. తర్వాత అందరి చేతికీ దిక్సూచి, ఆపైన సెల్‌ఫోను వచ్చాయి. కొన్ని పాత మసీదుల్లో గోడకు ఏటవాలుగా సఫ్‌ గీతలు గీసి ఉండడానికి కారణమిదే. గోడ పాత లెక్క, గీత కొత్త లెక్క. పెద్దలు చాలామంది మాత్రం దిక్కు పడమరైతే చాలు, గోడ విరగ్గొట్టనక్కర్లేదంటారు.

మళ్ళీ నూనె దగ్గరికి వద్దాం. నిజాం రాజ్యంలో గుళ్ళకూ మసీదులకూ ఇచ్చే ఇనాములు, నగదు సాయం చూడడానికి అమూరె మజ్హబీ అనే శాఖ ఉండేది. గుడిలో దీపం పెట్టే పూజారికి మాన్యం ఉన్నట్టే, అజాన్ చెప్పే మౌజన్‌కూ, నమాజు చేయించే ఇమాముకూ ఊరి పొలిమేరలో కొంత భూమి ఉండేది. సేవ చేస్తున్నంతకాలం ఆ భూమి ఫలం తినాలన్నది షరతు. దీన్ని మష్రూతుల్ ఖిద్మత్ అనేవాళ్ళు. హక్కు తేల్చి ఇచ్చిన కాయితం ముంతఖబ్. ఈ ముంతఖబ్ మసకబారిన సిరాతో, సర్కారు మొహరుతో, పాత ట్రంకుపెట్టె అడుగున ఉండిపోతుంది. మసీదు చరిత్రలో సగం దాని మీదే ఉంటుంది. భూమి ఎంత, ఏ షరతు మీద, ఎవరి పేరన, ఏ ఫస్లీ నుంచి.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. చట్టాల వివరాలు వకీళ్ళకు వదిలేద్దాం. గల్లీలో జరిగింది మాత్రం సూటిగా చెప్పవచ్చు. పైనుంచి వచ్చే నూనె ఆగింది. సేవ మీది భూమిని సొంత భూమి అనుకుని వారసులు పంచుకున్నచోట, అమ్ముకున్నచోట, మసీదుకు మిగిలింది గోడలు మాత్రమే. అప్పుడు ఆదుకున్నవి ఆ నాలుగు మల్గీలు. అద్దెలు చాలా తక్కువ. యాభై ఏళ్ళ కింద ఖరారైన అద్దె ఇప్పటికీ నడిచే చోట్లున్నాయి. కిరాయిదారుల్లో ఒక మతం వాళ్ళే ఉండరు. మసీదు గోడకు ఆనుకుని కంసాలి దుకాణం, చెప్పుల దుకాణం, పుస్తకాల దుకాణం. లోపల దీపం వెలగడానికి వాళ్ళ అద్దె కూడా నూనెగా పడింది. కిరాయి పెంచాలా వద్దా అన్నది ప్రతి మసీదు కమిటీకీ తెగని తలనొప్పి.

మల్గీలు చాలనప్పుడు చందా. ఈ ప్రాంతంలో చందా అంటే ఎవరి చేతి నుంచి వచ్చిందో చూడాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టి సంసారాలు ఈదారు. వేలు మీద దారం తిప్పే ఆ పని హిందూ ఇంట్లోనూ ముస్లిం ఇంట్లోనూ ఒక్కటే. శుక్రవారం పెట్టెలో పడిన చిల్లరలో బీడీ కూలి ఎంతో మసీదు లెక్కల పుస్తకంలో రాసి ఉండదు. ఆడవాళ్ళు సాధారణంగా ఆ మసీదులో నమాజుకు రారు గాని, దాని దీపంలో వాళ్ళ నూనె ఉంది. ఇది ఎవరూ పెద్దగా చెప్పని మాట కాబట్టి ఇక్కడ ఆగి చెప్తున్నాను. చందా ఇచ్చే చేతుల్లో కొన్ని ఊరు దాటి కూడా పోయాయి. సిరిసిల్ల నుంచి మగ్గం మనుషులు మహారాష్ట్రలోని భీవండికి, షోలాపూర్‌కు వలసపోయారు. భీవండిలో మన పద్మశాలీలూ, ఉత్తరాది నుంచి వచ్చిన అన్సారీ నేతవాళ్ళూ ఒకే షెడ్డులో, ఒకే చప్పుడులో పనిచేశారు.

ఆ తర్వాత గల్ఫ్. 1973 తర్వాత చమురు ధర పెరిగి అక్కడ కట్టడాలు మొదలైతే, ఈ జిల్లాల నుంచి పాస్‌పోర్టు పట్టుకోని వాడలేదన్నంతగా జనం కదిలారు. దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ. ఎండలో పరంజా ఎక్కి పంపిన డబ్బు ముందు అప్పు తీర్చింది, తర్వాత ఇల్లు కట్టింది, చెల్లెలి పెళ్ళి చేసింది, చివరికి మసీదును తాకింది. గుడి మండపాలనూ అట్లాగే తాకింది. ఇంతకాలం నూనె పోసిన చేతులు ఇప్పుడు కొత్త కట్టడమే కోరాయి. డంగు సున్నం గోడలు పోయి స్లాబు వచ్చింది. మేడ వచ్చింది. నేలకు పాలరాయి, గోడకు టైల్సు, హౌజు మీద మూత, దాని పక్కన వరసగా నల్లాలు. ఎరుపు అంకెలతో నమాజు వేళలు చూపే డిజిటల్ బోర్డు.

నాకు పాత సున్నం గోడంటే ఇష్టం. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి, గానుగలో రుబ్బి, చేత్తో మెత్తిన ఆ గోడ వేసవిలో చల్లగా ఉంటుంది. అయినా, వాన పడితే నెత్తి మీద కారే చోట నమాజు చేసినవాడికి నేను పురాతత్వం పాఠం చెప్పలేను. స్లాబు వేయడం తప్పు కాదు. వేసేటప్పుడు పద్యం చెక్కిన రాయిని రాళ్ళకుప్పలో కలిపేయడం తప్పు. దాని మీద టైలు అంటించడం అంతకన్నా తప్పు.

ఇప్పుడు నూనెలో సర్కారు చేయి మళ్ళీ కలిసింది. తెలంగాణ ప్రభుత్వం ఇమాములకూ మౌజన్లకూ నెలకింత గౌరవ వేతనం ఇస్తోంది, ఆ మొత్తం ఐదువేలకు చేరింది. కాయితం అవసరం కూడా పెరిగింది. మసీదుల్లాంటి వాటికి అంకితమిచ్చిన ఆస్తిని వక్ఫ్ అంటారు. 1954 వక్ఫ్ చట్టం వచ్చాక సర్వే చేసి, వక్ఫ్ ఆస్తుల జాబితాలు గెజెట్‌లో అచ్చువేశారు. 1995లో కొత్త చట్టం వచ్చింది. 2025లో పార్లమెంటు దాన్ని సవరించింది. చాలాకాలంగా నమాజు జరుగుతోంది కాబట్టి ఇది వక్ఫే అనే వాడుక హక్కు, ఇదివరకే నమోదైనవాటికి కొన్ని మినహాయింపులతో ఉంటుంది, కొత్తగా చెప్పుకోవడానికి ఉండదు. అన్ని వక్ఫ్ ఆస్తుల వివరాలూ కేంద్రం తెరిచిన పోర్టల్‌లోకి ఎక్కించాలని నియమం. ఈ సవరణ మంచిచెడ్డలు కోర్టులోనూ బయటా వాదిస్తున్నారు, నా ప్రసంగం దాని గురించి కాదు. ‘మా తాతల కాలం నుంచీ ఉంది’ అన్న జవాబు ఇక సరిపోదన్నది మాత్రం ఎటు నుంచి చూసినా నిజం. ఏ తాత, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు అని అడుగుతారు.

అందుకని మసీదు కమిటీ పెద్దలకు, పక్కనే ఉన్న బడి పంతుళ్ళకు ఒక మాట. హైదరాబాద్ రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని మొదటి అధిపతి గులాం యజ్దానీ. దక్కన్‌లోని ఎన్నో ఫార్సీ శాసనాలను చదివి అచ్చువేయించినవాడు ఆయన. తడి కాగితాన్ని రాయి మీద అద్ది, కుంచెతో కొట్టి, పైన సిరా రుద్ది తీసే ప్రతులు ఆ పనికి ఆధారం. పెద్ద కోటలకు, పెద్ద సమాధులకు ఆ పని జరిగింది. గల్లీ మసీదు రాళ్ళు చాలావరకు మిగిలిపోయాయి. మీ మసీదులో రాత ఉన్న రాయి ఉంటే, దాని మీది సున్నాన్ని ఉలితో గీకకండి. మెత్తని కుంచెతో నీళ్ళు కొట్టి, పొద్దున ఏటవాలు ఎండ పడేటప్పుడు ఫోటో తీయండి. అరబీ, ఫార్సీ శాసనాలు చదవడానికే కేంద్ర పురావస్తు శాఖకు నాగపూర్‌లో ఒక విభాగం ఉంది. వాళ్ళకు పంపండి. ఇంట్లో ముంతఖబ్ ఉంటే లామినేషను చేయించకండి, దాని వల్ల పాత కాగితం పాడవుతుంది. ఫోటో తీయించి అసలును పత్తిబట్టలో చుట్టి పెట్టండి. మల్గీల పాత కిరాయి రసీదులు పారేయకండి. వంటదేగ్‌ల మీద పేర్లు చెక్కి ఉంటే అవీ రాసుకోండి, దాతల పేర్లు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి. బీడీ చుట్టి చందా ఇచ్చిన ముసలమ్మలు ఇంకా ఉన్నచోట, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి.